స్టాకు హద్దులు – కెర్నెలు కావలి

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమలలో జీవనదులు లేవు. ఒక చెరువు నిండి మరవ పారిన నీరు దిగువ చెరువునకు చేరును. ఆ మరవ కాలువలో పైరు పెట్టిన రైతు మొదటి పెద్దవానకే నష్టపోవును. పెరుగు వస్తువునకు ఎదుట ఖాళీ చోటు విడువవలెనను ఈ నీతిని కంప్యూటరు నిర్మాతలు పలుమారులు నేర్చుకొనవలసి వచ్చెను.

నడచుచున్న ప్రతి ప్రోగ్రాము తన తాత్కాలికపు లెక్కలను, తిరిగి రావలసిన చోటుల గుర్తులను ఒక దొంతరగా పేర్చుకొనును. దీనినే స్టాకు అందురు. ఇది సాధారణముగా పై చిరునామాల నుండి క్రిందికి పెరుగును. ఆపరేటింగు సిస్టమునకు మూలమైన కెర్నెలు దీనికి చోటునంతయు ముందుగా ఈయదు. ఇంకను కేటాయింపని చోటును ప్రోగ్రాము తాకగానే ప్రాసెసరు ఆ సంగతి కెర్నెలునకు తెలుపును. లినక్సు కెర్నెలు ఆ చోటు స్టాకునకు చెందదగినదా, పరిమితికి లోబడినదా అని విచారించి, సామాన్యముగా 4096 బైట్ల పేజీ నొకదానిని ఇచ్చును. కానిచో ప్రోగ్రామును ఆపివేయును. పరిమితి వాడుకలో 8 మెగాబైట్లు.

స్టాకు పెరిగి పెరిగి పొరుగు స్మృతిభాగమును తాకినచో నేమగును? ఈ ప్రమాదమును 2005లో గేల్ డెలాలో చూపెను. 2010లో రఫాల్ వోయ్‌చుక్ మరల నిరూపించిన పిదపనే లినక్సునందు స్టాకు క్రింద ఒక పేజీ ఖాళీగా విడువబడెను. కాని పెద్ద పట్టికను ఒక్కమారుగా కోరు ప్రోగ్రాము ఆ పేజీని తాకకయే దాటిపోగలదు. 2017 జూనులో క్వాలిస్ సంస్థ దీనిని బయటపెట్టెను. సామాన్య వినియోగదారుడు యంత్రమునకే యజమాని కాగలుగుట దాని పర్యవసానము. అంతట ఖాళీ 256 పేజీలకు, అనగా ఒక మెగాబైటునకు, పెంచబడెను. 2018లో వెలువడిన జీసీసీ 8 కంపైలరునందు, పెద్ద చోటు కోరినపుడు దారిలోని ప్రతి పేజీని తాకుచు సాగు సదుపాయము చేరెను.

అంతటితో కథ ముగియలేదు. 2023లో రూయ్‌హాన్ లీ మరియొక లోపము కనుగొనెను. చూచువారికి మాత్రమే తగిన తాళముతో స్టాకు హద్దు మార్చబడుచుండెను. అదే వేళ మరియొకరు పాత లెక్కను చదువవచ్చును. హద్దు మార్చువాడు పూర్తి తాళమును పొందవలెనని అపుడు సవరించిరి.

ఆండ్రాయిడు ఫోనులు సైతము లినక్సు కెర్నెలు మీదనే నడచును గనుక ఈ చరిత్ర నిపుణులకే పరిమితము కాదు. ఖాళీ చోటు విడుచుట ఒక రక్షణ. దానిని దాటిపోకుండ చూచుట రెండవది. హద్దును ఇద్దరు ఒకే వేళ తడుముకొనకుండ చూచుట మూడవది. వీనిలో ఏ యొక్కటి లోపించినను మిగిలిన రెండును చాలవు.