ఐదు వోల్టుల కోసం

ఇంటి కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్లు చిప్పుల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. వాటికి కరెంటు పెట్టే పవర్ సప్లైకి ఒక్క పేరా కేటాయించరు. నలభై ఏళ్ల నాటి యంత్రాన్ని మళ్లీ నడిపించాలని కూర్చున్నవాళ్లకు మొదట ఎదురయ్యేది మాత్రం అదే. కంప్యూటర్ బుర్ర చాలాసార్లు బాగానే ఉంటుంది. దానికి అన్నం పెట్టే చెయ్యే ముందు పడిపోతుంది.

ఆ రోజుల చిప్పులకు ముఖ్యంగా కావలసింది 5 వోల్టులు. 4.75 కంటే తగ్గకూడదు, 5.25 కంటే పెరగకూడదు. ఇంత పట్టింపు ఉన్న సరుకును మన నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ లాంటి ఊళ్ల కరెంటుతో నడపడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. చేలల్లో మోటార్లు ఆడుతుంటే ఇంట్లో బల్బు ఎర్రబడుతుంది. అవి ఆగగానే వోల్టేజీ ఎగబాకుతుంది. స్టెబిలైజర్ లేనిదే టీవీ పెట్టని ఇళ్లుండేవి.

తొలి కంప్యూటర్లు ఈ పనిని మొరటుగా చేశాయి. 1975 నాటి ఆల్టెయిర్ 8800లో బరువైన ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, పెద్ద కండెన్సర్, ఆ తర్వాత 7805 రెగ్యులేటర్లు. 1982లో వచ్చిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌దీ అదే దారి. ఎనభైల్లో పుణెకు చెందిన డెసిబెల్స్ సంస్థ దాన్ని మన దేశంలో డీబీ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మింది. అడాప్టర్ నుంచి సుమారు 9 వోల్టులు వస్తే, లోపలున్న 7805 ఐదింటిని చిప్పులకిచ్చి మిగతా నాలుగింటిని వేడిగా తగలేస్తుంది. కంప్యూటర్ 0.7 ఆంపియర్లు తాగితే దాదాపు 3 వాట్లు వృథా. గోడ దగ్గర వోల్టేజీ పది శాతం పెరిగితే ఆ 9 కూడా పది శాతం పెరుగుతుంది, రెగ్యులేటర్ ఇంకా కాలుతుంది. కామొడోర్ 64 అడాప్టర్‌ది మరీ ప్రమాదం. దాన్ని ఎపాక్సీతో మూసేశారు కాబట్టి వేడి బయటికి పోదు. లోపలి రెగ్యులేటర్ చెడిపోతే 5 వోల్టుల తీగ మీద ఎక్కువ వోల్టేజీ వచ్చి మెమరీ చిప్పులను చంపేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఆ అడాప్టర్‌ను మీటరుతో చూడనిదే కంప్యూటర్‌కు తగిలించరు.

ఈ వేడికి, వృథాకి విరుగుడు స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై, అంటే ఎస్.ఎం.పి.ఎస్. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు దీని కిటుకు సులువుగా అర్థమవుతుంది. చేనికి తూము ఎప్పుడూ తెరిచిపెట్టి, ఎక్కువైన నీళ్లను వాగులోకి వదిలేయడం పాత పద్ధతి. కావలసినంతసేపే తూము తెరిచి మూసేయడం కొత్త పద్ధతి. ఇక్కడ తూము ఒక ట్రాన్సిస్టర్. సెకనుకు వేలసార్లు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. వోల్టేజీ తగ్గితే కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, పెరిగితే తక్కువసేపు. అంత వేగంతో పనిచేయడానికి ఇనుప రేకుల దిమ్మె లాంటి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, గుప్పిట్లో ఇమిడే ఫెర్రైట్ చాలు.

దీన్ని ఆపిల్ కనిపెట్టిందని ఒక కథ తిరుగుతుంటుంది. స్టీవ్ జాబ్స్‌కు ఫ్యాను రొద నచ్చలేదు. అటారీలో పనిచేస్తున్న ఇంజనీరు రాడ్ హోల్ట్‌ను పట్టుకున్నాడు. 1977లో వచ్చిన ఆపిల్ 2కు హోల్ట్ ఫ్యాను అక్కర్లేని స్విచింగ్ సప్లై తయారుచేశాడు. ఇంతవరకూ నిజమే, పని కూడా గొప్పదే. కానీ తక్కినవాళ్లంతా దాన్నే కాపీ కొట్టారన్న మాట సరికాదు. రాబర్ట్ బోషెర్ట్ అనే ఇంజనీరు డెబ్బైల మొదటి నుంచే ఇలాంటి సప్లైలు చేస్తున్నాడు. మెయిన్స్ వోల్టేజీని తట్టుకునే వేగవంతమైన ట్రాన్సిస్టర్లు ఆ దశాబ్దంలోనే చవకయ్యాయి. 1976లో సిలికాన్ జనరల్ కంపెనీలో బాబ్ మమానో, తూము తెరిచే వేళలన్నీ చూసుకునే ఎస్జీ1524 చిప్పు తెచ్చాడు. ఇదంతా పక్వానికి వచ్చిన సమయంలో హోల్ట్ దాన్ని ఒక ఇంటి యంత్రంలో కుదించి పెట్టాడు. ఆ ఘనత చాలు, లేనిది అంటగట్టక్కర్లేదు.

మన దగ్గరికి ఈ విద్య రెండు దారుల్లో వచ్చింది. ఒకటి కలర్ టీవీ. 1982 ఆసియా క్రీడల తర్వాత ఆ టీవీలు ఊళ్లకు చేరాయి. వాటిలో ఉన్నదీ ఇదే సప్లై కాబట్టి, కంప్యూటర్ ముఖం చూడని టీవీ మెకానిక్కులకు కూడా ‘చాపర్’ (ఆ తూము పని చేసే భాగం) అంటే ఏమిటో తెలుసు. రెండోది బడి. బడుల్లో కంప్యూటర్ చదువు కోసం కేంద్రం 1984లో క్లాస్ పథకం మొదలుపెట్టి దాదాపు 250 బడులకు బీబీసీ మైక్రోలు పంపింది. 1981 డిసెంబరులో బ్రిటన్‌లో విడుదలైన ఆ యంత్రం తొలి విడతల్లో పాత రకం సప్లై ఉండేది. అది విపరీతంగా కాగిపోవడంతో ఆస్టెక్ కంపెనీ ఎస్.ఎం.పి.ఎస్.కు మారారు.   

ఆ ఆస్టెక్ సప్లై ఇప్పుడు విప్పితే రీఫా కంపెనీ కండెన్సర్లు కనిపిస్తాయి. లోపల లోహపు పూత పూసిన కాగితం, పైన తేనెరంగు ఎపాక్సీ. యంత్రం పుట్టించే విద్యుత్ రొద కరెంటు లైనులోకి వెళ్లకుండా ఆపడం వాటి పని. ఏళ్లు గడిచేకొద్దీ ఎపాక్సీ సన్నగా పగుళ్లిస్తుంది, కాగితం గాలిలోని తేమ పీల్చుకుంటుంది. చాన్నాళ్లకు స్విచ్ వేస్తే కాసేపు యంత్రం చక్కగా నడిచి, ఉన్నట్టుండి ఠప్పుమని గదంతా కంపుకొట్టే పొగ. చాలామంది అక్కడితో కంప్యూటర్ పోయిందనుకుని తూకానికి వేసేస్తారు. నిజానికి పోయింది కొద్ది రూపాయల కండెన్సరే. పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌తో చేసిన ఎక్స్2 రకాన్ని అదే విలువలో వేస్తే సరిపోతుంది. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ల శత్రువు వేడి. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని లెక్క. 43, 44 డిగ్రీల నంద్యాల వేసవి వాటిని ఎంత తొందరగా ఎండగడుతుందో ఊహించవచ్చు.

బాగుచేశాక కూడా తిన్నగా ప్లగ్గులో పెట్టకూడదు. మన ఎలక్ట్రీషియన్ల సిరీస్ బల్బు ఇక్కడ అక్కరకొస్తుంది. సప్లైకి సిరీస్‌లో కట్టిన పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిది, పూర్తి వెలుగుతో నిలిచిపోతే లోపల షార్టు. లోడు లేకుండా ఈ సప్లైలను నడపకూడదు. 5 వోల్టుల తీగకు మోటార్ సైకిల్ హెడ్‌లైటు బల్బు కట్టి, అప్పుడు మీటరు పెట్టి చూడాలి. ఇంకొకటి, ఇది ప్రాణాల మీద మాట. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కండెన్సర్‌లో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి.

మీ బడి స్టోరురూములో, ధూళి పట్టిన చార్టుల వెనక అలాంటి బీబీసీ మైక్రో పెట్టె ఒకటి ఇంకా ఉండి ఉంటే, పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ వేయకండి. ముందు మూత విప్పి, ఆ తేనెరంగు కండెన్సర్లు పగిలాయేమో చూడండి.