గంజాయి, కళాశాల విద్యార్థుల తిండి రుగ్మతలు

గంజాయి తాగే విద్యార్థికి ఆకలి పెరుగుతుందన్నది అందరికీ తెలిసిందే. అసలు నష్టం ఆ ఆకలికీ ఒంటి అవసరానికీ పొంతన లేకపోవడం. గంజాయిలోని టీహెచ్‌సీ మెదడులో సీబీ1 గ్రాహకాల మీద పనిచేస్తుంది. కడుపు నిండిందని చెప్పాల్సిన నాడీకణాలే అప్పుడు ఇంకా తినమని పురికొల్పుతాయని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చిట్టెలుకల్లో చూపారు. అన్నం తిని లేచిన కుర్రాడు గంట తిరక్కుండా బిర్యానీ పార్శిల్ విప్పి ఆబగా తినడం ఇందుకే. రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఆకలి చచ్చిపోతుంది, బరువు తగ్గుతుంది, నిద్ర పట్టదు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 గ్రంథం 2013లో వీటిని మానేసినప్పటి లక్షణాల్లో చేర్చింది. సన్నబడాలని పగలంతా కడుపు మాడ్చుకునే విద్యార్థి గంజాయిలో పడితే రాత్రి అదుపు తప్పి తినడం, తెల్లారి సిగ్గుతో మళ్లీ పస్తుండటం అలవాటైపోతాయి.

గంజాయి వాడేవారిలో ఊబకాయం తక్కువని అమెరికా సర్వేలపై 2011లో వచ్చిన విశ్లేషణ చెబుతోంది కదా అనవచ్చు. కానీ తిండి రుగ్మతకు బరువు కొలబద్ద కాదు. పస్తులూ అతితిండీ ఒకదాన్నొకటి కప్పేస్తే తూకంలో ఏమీ తేలదు. గంజాయికీ తిండి రుగ్మతకూ దిగులే మూలమన్న అభ్యంతరం ఇంతకంటే బలమైనది. విద్యార్థులపై జరిగిన పరిశీలనలు ఎక్కువగా ఒకే సమయంలో అడిగి రాసుకున్నవి, వాటితో ఏది ముందో తేలదు. అయితే రిమోనబాంట్ అనుభవం మరచిపోరానిది. సీబీ1ను అడ్డుకుని బరువు తగ్గించిన ఆ మందు, కొందరిని తీవ్రమైన దిగులులోకి నెట్టడంతో 2008లో ఐరోపా మార్కెట్ నుంచి వైదొలగింది. ఆకలీ మనసూ ఒకే చోట ముడిపడి ఉన్నప్పుడు ఒకదానికి వైద్యం చేసి రెండోదాన్ని అడగకుండా వదలడం తప్పు.

హైదరాబాద్ పాతబస్తీలో బహదూర్‌పురాను ఆనుకున్న కిషన్‌బాగ్ లాంటి చోట ఇలా అడగడానికి మెలకువ కావాలి. గంజాయి వాడకం ఆ బస్తీకే అంటిన జబ్బు కాదు. 2019 జాతీయ సర్వే ప్రకారం భంగుతో కలిపి దేశంలో 3.1 కోట్ల మంది ఏడాదిలో ఒక్కసారైనా దాన్ని వాడారు. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తినే ఇంట్లో ఎవరు ఎంత తిన్నారో కనిపెట్టడం కష్టం. రంజాన్ ఉపవాసాన్నీ సహరీ భోజనాన్నీ రుగ్మతగా పొరబడకూడదు. తినడం ఆపాలనుకున్నా ఆపలేకపోయావా, తిన్నాక కక్కుకున్నావా, గంజాయి లేకుంటే ముద్ద దిగడం లేదా అని అడగాలి. పోలీసు భయంతో నోరు విప్పని కుటుంబాలకు, తనంతట తానే వైద్యానికి వచ్చే వ్యసనపరుడిని మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ కొన్ని షరతులతో కేసు నుంచి కాపాడుతుందని ముందే చెప్పాలి.