సర్వర్ చిట్టా

పాతకాలపు దుకాణంలో గుమాస్తా ముందు రెండు పుస్తకాలుండేవి. జరిగింది జరిగినట్టు, జరిగిన వరసలోనే రాసుకునేది చిట్టా. అందులోంచి ఖాతాల వారీగా ఎత్తి రాసేది ఆవర్జా. ఆవర్జాలో తప్పు దొర్లితే చిట్టాతో సరిచూసుకోవచ్చు. చిట్టాయే పోతే ఆవర్జా తప్పో ఒప్పో తేల్చే దారి ఉండదు. వెబ్‌సైటుకి ఎవరు వచ్చారు, ఎంతమంది వచ్చారు అన్న లెక్కల ముప్ఫై ఏళ్ల చరిత్రను ఈ రెండు పుస్తకాల చరిత్రగానే చదవాలి. మొదట్లో సైటు నడిపేవాళ్ల చేతిలో చిట్టా ఉండేది. తర్వాత ఎవరో కట్టి ఇచ్చిన ఆవర్జా అందంగా ఉందని చిట్టా సంగతి మరిచిపోయారు. హోస్టింగ్ సంస్థ ఇచ్చే ఏపీఐ (ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును సమాచారం అడిగే దారి) ద్వారా ఇటీవలి సందర్శకుల వివరాలు తెప్పించుకోవడం ఇవాళ చిన్న సాంకేతిక సదుపాయంలా కనిపిస్తుంది. చిన్న సైటు యజమానికి తన చిట్టాతో మిగిలిన కాస్త సంబంధం అదేనని నా అభిప్రాయం. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

ఈ చిట్టా మనుషుల్ని లెక్కపెట్టడానికి పుట్టలేదు. సర్వర్ తాను చేసిన పనిని తనకోసం రాసుకున్న రికార్డు అది, సాంకేతికుల మాటలో లాగ్. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ నడిపిన మొదటి వెబ్ సర్వర్‌కి 1991 వేసవిలో రోజుకు దాదాపు 100 అభ్యర్థనలు వచ్చేవి. 1992లో అవి 1,000 అయ్యాయి, 1993లో 10,000. వెబ్ ఏటా పదింతలు పెరుగుతోందనడానికి సాక్ష్యం ఈ లాగ్ ఫైలే. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో రాబ్ మెకూల్ రాసిన సర్వర్, ఆ తర్వాత 1995లో దాని మీద వేసిన మరమ్మతుల నుంచి పుట్టిన అపాచీ, ఒకే తీరు లాగ్‌ను వాడుకలో స్థిరపరిచాయి. ఒక్కో అభ్యర్థనకు ఒక్కో వరస: అడిగిన యంత్రం చిరునామా, తేదీ, సమయం, ఏ పేజీ అడిగింది, దొరికిందా లేదా అని చెప్పే మూడంకెల కోడ్, ఎన్ని బైట్లు పంపాం అన్న లెక్క. చిరునామా పక్కనే ఒక చిన్న అడ్డగీత కనిపిస్తుంది. అవతలి కంప్యూటర్‌లో ఎవరు కూర్చున్నారో ఆ కంప్యూటర్‌నే అడిగి తెలుసుకునే ఒక పద్ధతికి 1993లో ప్రమాణం రాశారు. దాని జవాబు రాయడానికి పెట్టిన గడి అది. ఆ పద్ధతి దాదాపుగా ఎవరూ వాడరు కాబట్టి ఇప్పటికీ ఆ గడిలో గీతే పడుతోంది. మనిషి పేరు కోసం వదిలిన చోటు మొదటి నుంచీ ఖాళీగానే ఉంది. లాగ్‌ను చదివే ప్రతివాళ్లూ ముందుగా గమనించాల్సింది దాన్నే.

తర్వాత ఈ వరసకి రెండు గడులు చేరాయి. ఒకటి బ్రౌజర్ పేరు, రెండోది ఏ పేజీలోని లింకు పట్టుకుని వచ్చారన్న వివరం. ఈ రెండో దాని ఇంగ్లీషు పేరులో ఒక అక్షరం జారిపోయింది. 1996లో అచ్చయిన హెచ్‌టీటీపీ పత్రంలోకి ఆ తప్పుతోనే ఎక్కి అలాగే స్థిరపడింది. సైటు యజమానికి అన్నిటికన్నా విలువైన గడి ఇదే. పాఠకుడు గూగుల్‌లో ఏ మాట వెతికి వచ్చాడో కూడా చాలాకాలం అందులో పడేది. తెలుగు సైట్లవాళ్లకి అది చదవడం ఇంకాస్త కష్టం. యూనికోడ్‌లో ‘తెలుగు’ అన్న మాటకు ఆరు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. మూడక్షరాల మన భాష పేరు లాగ్‌లో 54 గుర్తుల బారున పరుచుకుంటుంది. ఆ గుర్తుల్ని విప్పితే పాఠకుడు వాడిన మాట బయటపడేది. 2011 అక్టోబరులో గూగుల్ తన ఖాతాలోకి లాగిన్ అయినవారి వెతుకులాట మాటల్ని దాచడం మొదలుపెట్టింది, 2013 నాటికి దాదాపు అందరివీ దాచేసింది. ఆ గడి అలా ఎండిపోయింది.

ఈలోగా సైటు ఉండే చోటు మారింది. సొంత సర్వర్ కొనలేనివాళ్లు అద్దె సర్వర్లకి మారారు. ఒకే యంత్రం మీద వందల సైట్లు. చిట్టా యజమానిదే అయినా అది ఉండేది హోస్టింగ్ వాళ్ల డిస్కు మీద. ఈ దూరాన్ని తగ్గించడానికే 1996లో మొదలైన సీపానెల్ వంటి నియంత్రణ పలకలు పనికొచ్చాయి. కేంబ్రిడ్జిలో స్టీఫెన్ టర్నర్ 1995లో రాసిన అనలాగ్, 1997 నాటి వెబలైజర్, 2000లో వచ్చిన ఏడబ్ల్యూస్టాట్స్, ఈ మూడూ సీపానెల్‌లోకి చేరాయి. ఇవి ఆవర్జాలు. వాటి పక్కనే ‘విజిటర్స్’ అన్న పేజీ ఉంటుంది, అది చిట్టా. గరిష్ఠంగా 1,000 తాజా వరసలు చూపిస్తుంది. అదే సమాచారాన్ని ఏపీఐ ద్వారా అడిగితే పేజీకి బదులు ప్రోగ్రాము చదవగలిగే రూపంలో చేతికొస్తుంది: చిరునామా, సమయం, అడిగిన పేజీ, కోడ్, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ బ్రౌజర్. గంటకోసారి తెప్పించుకుని సొంత డేటాబేసులో దాచుకునే పని కొద్ది వరసల ప్రోగ్రాముతో అయిపోతుంది.

మరి ఇంత దగ్గరగా ఉన్నదాన్ని ఎందుకు వదిలేశారు? శాన్ డియెగోలో అర్చిన్ అనే సంస్థ ఉండేది. అది మొదలైంది హోస్టింగ్ వ్యాపారంగానే. తన ఖాతాదారుల లాగ్‌లను వేగంగా విశ్లేషించడం కోసమే అర్చిన్ సాఫ్ట్‌వేర్ తయారైంది. 2005లో గూగుల్ దాన్ని కొని, అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌గా ఉచితంగా ఇచ్చింది. పేజీలో ఒక చిన్న స్క్రిప్టు అతికిస్తే చాలు, మిగతాదంతా అక్కడే. సౌకర్యం నిజమైనదే, కాదనను. కానీ ఆ రోజు నుంచి చిట్టా, ఆవర్జా రెండూ పరాయి ఇంట్లో ఉన్నాయి. 2023 జులై 1న పాత అనలిటిక్స్ కొత్త లెక్కలు రాయడం ఆపేసింది. 2024 జులైలో పాత లెక్కలకి కూడా తలుపులు మూసేసింది. ముందే దించుకోనివాళ్లకి ఏళ్ల తరబడి లెక్క పోయింది. ముందస్తు హెచ్చరిక ఉంది, నిజమే. కానీ పుస్తకం ఎప్పుడు చింపాలో దాన్ని రాసుకున్నవాళ్లు నిర్ణయించలేకపోయారు.

లాగ్‌లో మనుషులు కనిపించరు కదా అన్నది బలమైన అభ్యంతరం. పది బొమ్మలున్న పేజీని ఒకరు తెరిస్తే పదకొండు వరసలు పడవచ్చు. దారిలో ఎక్కడో దాచిన నకలు చూసి వెళ్లిన పాఠకుడు అసలు నమోదే కాడు. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఎన్నో ఫోన్లు ఒకే ఐపీ చిరునామా వెనక ఉంటాయి. సెర్చి యంత్రాల రోబోలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. సందర్శకుల సంఖ్య లాగ్ నుంచి కచ్చితంగా తేలదని అనలాగ్ రాసిన టర్నర్ తన సాఫ్ట్‌వేర్ పత్రాల్లోనే స్పష్టంగా రాశాడు. అయితే స్క్రిప్టు చూడలేనివి లాగ్ చూస్తుంది. ప్రకటనల్ని అడ్డుకునే బ్రౌజర్లలో స్క్రిప్టు పనిచేయకపోవచ్చు. అభ్యర్థన మాత్రం సర్వర్‌కి చేరుతుంది. నేరుగా దించుకున్న పీడీఎఫ్ లాగ్‌లో ఉంటుంది. విరిగిన లింకు, ‘దొరకలేదు’ అని చెప్పే 404 కోడ్‌గా ఉంటుంది. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ లేని సైటులో కూడా వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం తలుపు తట్టి చూసే దొంగ ప్రోగ్రాముల వరసలు అందులోనే దొరుకుతాయి. సైటు మీద దాడి జరిగిన రోజు అందమైన గ్రాఫు ఏమీ చెప్పదు. ఆ వరసలే చెబుతాయి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఐపీ చిరునామా మనిషి జాడే కదా, దాన్ని దాచుకునే హక్కు మనకెక్కడిది? జర్మనీ ప్రభుత్వ సైట్లు సందర్శకుల చిరునామాలు దాస్తున్నాయని పాట్రిక్ బ్రేయర్ వేసిన కేసులో, 2016 అక్టోబరు 19న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ చిరునామా వెనక మనిషెవరో తెలుసుకునే చట్టబద్ధమైన మార్గం సైటు నడిపేవారికి ఉంటే, రోజుకోరకంగా మారే చిరునామా కూడా వ్యక్తిగత సమాచారమే అంది. అదే తీర్పు, సైటు సవ్యంగా నడవడానికి వాటిని ఉంచుకోవడంలో న్యాయమైన ప్రయోజనం ఉండొచ్చని కూడా ఒప్పుకుంది. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలన్నాయి. కాబట్టి అడగాల్సింది ఎవరు ఉంచుకుంటారు, ఎంతకాలం, ఎందుకు అని. ఒక్క సైటు చిట్టా ఒక్క సైటు సంగతే చెబుతుంది. లక్షల సైట్లలో ఒకే స్క్రిప్టు ఉన్న చోట, ఒకే పాఠకుడి అడుగుజాడలు ఇంటింటా కలిసి ఒకచోట పోగుపడే అవకాశం ఉంటుంది. పాఠకుడి గోప్యత మీద నిజంగా శ్రద్ధ ఉన్నవాళ్లు సొంత సైటు చిట్టానే ఎంచుకోవాలి. అందులోనూ చిరునామా చివరి భాగాన్ని చెరిపి దాచుకోవడం మేలు.

హోస్టింగ్ వాళ్లు లాగ్‌లను ఎల్లకాలం ఉంచరు. డిస్కు నిండితే పాతవి పోతాయి. సైటు నడిపే తెలుగు పత్రికలవారికీ, గ్రంథాలయాలవారికీ, బడులవారికీ నా మనవి ఒక్కటే. మీ సీపానెల్‌లో ‘రా యాక్సెస్’ పేజీ తెరిచి, లాగ్‌లను మీ ఫోల్డర్లో భద్రపరచమనే గడిలో టిక్ ఉందో లేదో ఇవాళే చూడండి. కింద, పాత నెల లాగ్‌లను తీసేయమనే గడి కూడా ఉంటుంది. అందులోని టిక్ తీసేయండి.