డ్రిల్లు మాస్టారి చదువు

మా చిన్నతనంలో ఆబిడ్స్ బడిలో డ్రిల్లు పీరియడు వచ్చిందంటే లెక్కల మాస్టారు లోపలికి వచ్చి దానిని పుచ్చుకొనేవారు. డ్రిల్లు మాస్టారు ఈల జేబులో వేసుకొని వరండాలో నిలబడేవారు. ఈల ఊదడానికి చదువెందుకని మేమనుకొనేవారము.

మన సంఘ చరిత్రలలో బోధకుల పేర్లు, వైద్యుల పేర్లు ఉంటాయి. ఈయన పేరు తరచుగా ఉండదు. అయితే ఈ చదువునకు పునాది వేసినది క్రైస్తవ యువజన సంస్థయే. పూర్వం పాఠశాలల్లో పదవీ విరమణ చేసిన సిపాయిలు కవాతు చేయించేవారు. వై.ఎం.సి.ఎ. తరఫున మద్రాసు వచ్చిన హారీ క్రో బక్ దొరగారు 1920లో అయిదుగురు విద్యార్థులతో వ్యాయామోపాధ్యాయుల శిక్షణాలయం ప్రారంభించారు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. నిజాం రాజ్యమందు 1931లో హైదరాబాదులోనే ప్రభుత్వ వ్యాయామ కళాశాల ఏర్పడినది. ఆబిడ్స్ నుండి బషీర్‌బాగ్ దాటి వెళితే, దోమల్‌గూడలో నేడు ఆ కళాశాలను చూడవచ్చును.

అక్కడ నేర్చేది పరుగులు మాత్రమే కాదు. ఎముకల, కండరాల శాస్త్రం, ప్రథమ చికిత్స, ఆటల నిబంధనలు, పాఠం చెప్పే విధానం, మైదానంలో గీతలు గీయడం కూడా నేర్వాలి. ఈ చివరిది చిన్న పని కాదు. 400 మీటర్ల పరుగులో వంపు తిరిగే చోట బయటి వరుసవానికి దూరం పెరుగుతుంది. కనుక 1.22 మీటర్ల వెడల్పు వరుసలలో రెండవవానిని మొదటివానికంటె 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి. చూచేవారికి అది పక్షపాతంగా కనబడుతుంది, కాని అదే న్యాయం! మా పీరియడు పుచ్చుకొన్న లెక్కల మాస్టారికి ఈ లెక్క తెలుసునో లేదో.

సయ్యద్ అబ్దుల్ రహీంగారు ఇటువంటి బడిపంతులే. ఉద్యోగంలో ఉండి వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో ఆటలు నేర్పారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951 ఏషియన్ క్రీడలలో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మరల స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనకు కేన్సరు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

నాంపల్లి నుండి వస్తూ ఫతే మైదాన్, అంటే నేటి లాల్ బహదూర్ స్టేడియం, పక్కగా నడిచినపుడెల్లా వరండాలో నిలబడిన మా మాస్టారు జ్ఞాపకం వస్తారు. ఆయన ఏ కళాశాలలో చదివారో మేము ఒక్కనాడూ అడగలేదు.