సర్కస్ వల నుంచి పెరటి దాకా: ట్రాంపొలిన్ చరిత్ర నేర్పే పాఠం



వేసవి సెలవులు సమీపించేసరికి పిల్లల ఆటవస్తువుల మీద తగ్గింపు ధరల ప్రకటనలు సెల్‌ఫోన్ తెరలను నింపివేస్తాయి. వాటిలో ఈ మధ్య తరచుగా కనిపిస్తున్న వస్తువు ట్రాంపొలిన్. గుండ్రని ఇనుప చట్రం, దాని చుట్టూ వరుసగా బిగించిన స్ప్రింగులు, వాటి నడుమ సాగదీసి కట్టిన దళసరి బట్ట. స్థూలంగా ఇదే దాని నిర్మాణం. మన ఇళ్లలో నవారు మంచం మీద పిల్లలు గెంతడం, పెద్దలు కసరడం తరతరాలుగా ఉన్నదే. ఆ గెంతునే మరింత ఎత్తుకు చేర్చే సాధనమిది. అమెరికాలో స్థిరపడిన బిడ్డల ఇళ్లకు వెళ్లివచ్చిన మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల అవ్వాతాతలు అక్కడి పెరళ్లలో దీనిని చూసే ఉంటారు. ఇప్పుడది సగం ధరకే మన గడప తొక్కుతానంటున్నది.

కొనవచ్చునా, కూడదా అన్న ప్రశ్నకు సమాధానం ధర చీటీలో దొరకదు. ఆ వస్తువు ఎవరి కోసం పుట్టింది, ఏ దారిన పెరటిలోకి వచ్చింది, వచ్చిన తరువాత ఏమి జరిగింది అన్న చరిత్రలో దొరుకుతుంది.

మనకు తెలిసిన ఎగురు విద్య

గాలిలో పిల్లిమొగ్గ వేయడం మన సీమకు కొత్త కాదు. జమ్మలమడుగు సమీపాన, మైలవరం మండలంలో ఉన్న దొమ్మర నంద్యాల నేడు పట్టుచీరల నేతకు పేరుపొందిన ఊరు. అయినా ఆ పేరు వినగానే గడ, మోకు, డోలు గుర్తుకు రాక మానవు. శ్రీశైలంలో శివరాత్రి నాడు ప్రదర్శించే కళలను వర్ణిస్తూ పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో గడల మీద ఆడేవారిని కూడా పేర్కొన్నాడు. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన ఎడ్గార్ థర్స్టన్ గ్రంథంలోనూ దొమ్మరుల విద్యకు చోటు దక్కింది.

పొట్టకూటి కోసం పసిపిల్లలను సైతం గడ ఎక్కించిన ఆ కడుపేద జీవితాన్ని నేను కీర్తించడం లేదు. అందులోని ఒక క్రమశిక్షణను మాత్రం గమనించమంటున్నాను. గడ ఎక్కేవారికి ఏళ్ల తరబడి సాధన ఉండేది. మోకు బిగువును స్వయంగా పరీక్షించేవారు ఉండేవారు. పైన ఆడేవారి మీదనుంచి చూపు తిప్పని మనిషి కింద ఉండేవాడు. చూడవచ్చిన ఊరి పిల్లలను ఎవరూ గడ ఎక్కమని పిలిచేవారు కారు. శిక్షణ, సాధనపు పటుత్వం, కాపలా అనే ఈ మూడూ కలిస్తేనే ఆ ఆట సాగేది. ట్రాంపొలిన్ కూడా సరిగ్గా ఇటువంటి వాతావరణంలోనే పుట్టింది.

సర్కస్ వల చూసిన కుర్రవాడు

1930 ప్రాంతంలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జార్జ్ నిస్సెన్ అనే పదహారేళ్ల కుర్రవాడు సర్కస్ చూశాడు. ఊయల విన్యాసాలు ముగించిన కళాకారులు కింద కట్టిన రక్షక వల మీదకు దూకి, తిరిగి పైకి లేవడం అతనిని ఆకర్షించింది. ఆ వల అంతటితో ఆగక మళ్లీ మళ్లీ ఎగరవేస్తే ఎలా ఉంటుంది? ఈ ఊహతో ఇంటి గ్యారేజీలో ప్రయోగాలు మొదలుపెట్టాడు. అయోవా విశ్వవిద్యాలయంలో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటూ, తన శిక్షకుడు లారీ గ్రిస్‌వోల్డ్‌తో కలిసి 1936లో తొలి ఆధునిక ట్రాంపొలిన్ తయారుచేశాడు. స్పానిష్ భాషలో ఈతకొలను దగ్గర దూకే పలకను ‘ట్రాంపొలిన్’ అంటారు. ఆ మాటనే తన సాధనానికి పేరుగా తీసుకున్నాడు. 1942లో ఇద్దరూ కలిసి వాణిజ్య సంస్థ స్థాపించారు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం దీనిని విమాన చోదకుల శిక్షణకు వినియోగించింది. గాలిలో తలకిందులైనప్పుడు దిక్కు తెలియకపోవడాన్ని అధిగమించే అభ్యాసమది. ఆ తరువాత ఇది క్రీడగా ఎదిగింది. 1964లో లండన్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో దీనికి స్థానం దక్కింది. జిమ్నాస్టులు, సైనికులు, ఒలింపిక్ క్రీడాకారులు అందరూ శిక్షకుని కళ్లెదుట, ఒక్కొక్కరుగా దీనిని ఎక్కినవారే. నాలుగేళ్ల చంటివాడు, వాని అన్న, పక్కింటి పిల్లలు ఇద్దరు కలిసి ఒకేసారి ఎక్కడం ఈ సాధనం పుట్టుకలో లేని విషయం.

అందరికీ తెరిచిన తరువాత

1959, 1960 సంవత్సరాలలో అమెరికా అంతటా గెంతుల కేంద్రాలు వెలిశాయి. నేలలో గుంటలు తవ్వి, వాటి మీద ట్రాంపొలిన్లు పరిచి, గంటకు ఇంత అని వసూలు చేసేవారు. శిక్షకుడు లేడు, నియమం లేదు. మెడలు, కాళ్లు విరిగాయి. కోర్టు కేసులు పడ్డాయి. బీమా భారం పెరిగింది. కొద్ది సంవత్సరాలలోనే ఆ కేంద్రాలలో అధిక భాగం మూతపడ్డాయి.

1977లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే శిశువైద్యుల సంస్థ పాఠశాలల్లో ట్రాంపొలిన్ వాడకాన్ని నిషేధించాలని కోరింది. 1981లో, తగిన శిక్షకులు ఉన్నచోట పరిమితంగా వాడవచ్చునని కొంత సడలించింది. ఇంతలో 1990ల నుంచి చవక ధరల ట్రాంపొలిన్లు ఇళ్ల పెరళ్లను ముంచెత్తాయి. అమెరికాలో ఒక్క 1996లోనే వీటివల్ల సుమారు 83,400 గాయాలు సంభవించినట్లు అంచనా. దానితో 1999లో ఆ సంస్థ ఇళ్లలో ట్రాంపొలిన్ వాడనే కూడదని నిర్ద్వంద్వంగా ప్రకటించింది. తరువాత చుట్టూ రక్షక వలలు వచ్చాయి, స్ప్రింగుల మీద మెత్తలు వచ్చాయి. అయినా 2009లో గాయాల అంచనా దాదాపు 98,000. ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినవారు సుమారు 3,100 మంది.

2012లో ఆ సంస్థ విషయాన్ని మళ్లీ సమీక్షించింది. మన తల్లిదండ్రులు గుర్తుంచుకోదగిన అంశాలు అందులో మూడున్నాయి. గాయాలలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకరికంటే ఎక్కువమంది కలిసి గెంతినప్పుడు జరిగినవే. అలా కలిసి గెంతినప్పుడు, పెద్దవారికంటే చిన్నపిల్లలకు గాయమయ్యే అవకాశం పద్నాలుగు రెట్ల వరకు ఎక్కువ. మూడవది మరీ ముఖ్యం: మూడింట ఒక వంతు నుంచి సగం దాకా గాయాలు పెద్దలు దగ్గరుండి చూస్తుండగానే జరిగాయి. ‘మేము పక్కనే ఉంటాం కదా’ అన్న ధీమా చాలదని దీని భావం.

పసి ఎముకకు ఏమవుతుంది?

బరువైన పిల్లవాడు దిగినప్పుడు బట్ట కిందికి సాగి శక్తిని దాచుకుంటుంది. అది పైకి లేస్తున్న క్షణంలో తేలికైన పిల్లవాడు దిగితే, మెత్తని బట్ట మీద కాక ఎదురువస్తున్న గట్టి నేల మీద పడినట్లవుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలలో మోకాలి కింది పెద్ద ఎముక పైభాగం ఈ తాకిడికి చిట్లుతుంది. 1986లో వైద్య పత్రికలలో దీనిని ‘ట్రాంపొలిన్ ఫ్రాక్చర్’ పేరుతోనే వర్ణించారు. కింద పడకపోయినా, దెబ్బ కనిపించకపోయినా ఈ విరుగుడు సాధ్యమే. బిడ్డ కాలు మోపనని మారాం చేస్తే దానిని అలుక అనుకోకూడదు.

చెయ్యి ఆనించి పడితే మోచేతి పైన ఎముక విరుగుతుంది. పిల్లిమొగ్గ వేయబోయి మెడ మీద పడితే వెన్నుపాముకే ముప్పు. ఇది అరుదు, కాని జరిగితే జీవితాంతం మంచమే గతి కావచ్చు.

ఇక్కడ మన ప్రాంతపు అలవాటు ఒకటి చెప్పక తప్పదు. ఎముక విరగగానే పుత్తూరు కట్టుకో, దగ్గరి ఊరి కట్టుకో బయలుదేరేవారు నేటికీ ఉన్నారు. మోచేయి విరిగిన పిల్లలకు బిగుతైన కట్టు కడితే కండరాలకు రక్తప్రసారం ఆగిపోయి, చేయి శాశ్వతంగా వంకర తిరిగిపోతుంది. జర్మనీ శస్త్రవైద్యుడు వోల్క్‌మన్ 1881లోనే ఈ స్థితిని వర్ణించాడు. కట్టు తరువాత నొప్పి తగ్గక పెరుగుతున్నా, వేళ్లు పాలిపోయి చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే బిడ్డ కేకలు పెట్టినా తెల్లవారేదాకా ఆగకూడదు. కట్టు వెంటనే వదులు చేయించి, ఎముకల వైద్యుడున్న ఆసుపత్రికి చేర్చాలి. ఇది కొద్ది గంటలలో చేయి దక్కడమో పోవడమో తేలే విషయం. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే బిడ్డను ఎత్తుకొని పరుగెత్తవద్దు. కదలనీయకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

తగ్గించిన ధరలో తగ్గినదేమిటి?

తగ్గింపు ధర తనంతట తాను పాపం కాదు. ప్రొద్దుటూరు బజారులో బేరమాడి కొనడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. బంగారం కొనేటప్పుడు గీటురాయి మీద గీసి చూస్తాం. పిల్లల ఎముకల విషయంలో ఆ పరీక్ష ఇంకా అవసరం. ధర ఎక్కడ తగ్గిందో వెతకండి. చట్రపు గొట్టం పలుచబడి ఉండవచ్చు. అతుకుల వెల్డింగ్ బలహీనమై ఉండవచ్చు. స్ప్రింగులను కప్పే మెత్త సన్నని స్పాంజి కావచ్చు. స్ప్రింగులకు జింకు పూత లేకుంటే తుప్పు ఖాయం. ఎంత బరువు మోస్తుందో పెట్టె మీద రాసి ఉందా? ఆటవస్తువుగా అమ్ముతున్నారా, వ్యాయామ సాధనంగానా? ఆటవస్తువైతే ఐఎస్ఐ గుర్తు చూపించమనండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. ఐరోపాలో ఇళ్లలో వాడే ట్రాంపొలిన్లకు 2014లో ఈఎన్ 71-14 అనే ప్రత్యేక ప్రమాణమే ఏర్పడింది.

మన ఎండలు మరొక పరీక్ష. కడప జిల్లా వేసవిలో నెలల తరబడి బయట ఉన్న ప్లాస్టిక్ వల, కుట్టుదారం పెళుసెక్కుతాయి. నిరుడు నిలిచిన వల ఈ యేడు ఆనితేనే చిరుగుతుంది. గాలివాన వస్తే నేలకు బిగించని ట్రాంపొలిన్ ఎగిరిపడుతుంది.

అన్నిటికంటే ప్రమాదం నేల. అమెరికా పెరడంటే పచ్చిక. మన ముంగిలి అంటే కడప బండల పరుపు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల గనుల నల్లబండ కాలికి చల్లన, తలకు మాత్రం కఠినం. పెరడు లేదని మిద్దె మీద పరిచే ఆలోచన కొందరికి వస్తుంది. పిట్టగోడ ఎత్తెంత, ట్రాంపొలిన్ ఎత్తెంత అని ఒక్కసారి లెక్క వేయండి. ఆ ఆలోచనను అక్కడే విడిచిపెట్టండి.

నా సలహా

ఇంట్లో ట్రాంపొలిన్ వద్దన్నదే నా సలహా. ఇప్పటికే కొని ఉంటే ఈ నియమాలు పాటించండి. ఆరేళ్ల లోపు పిల్లలను ఎక్కనీయవద్దు. ఒకసారికి ఒక్కరే, అన్నదమ్ములైనా సరే. పిల్లిమొగ్గలు నిషిద్ధం. మెత్తని మట్టి నేల మీద, గోడలకు, చెట్లకు దూరంగా ఉంచండి. నెలకొకసారి వల, మెత్త, స్ప్రింగులు చేతితో పట్టి చూడండి. చిరిగితే బాగుచేయించేదాకా గెంతు మాన్పించండి. చూసే పెద్దవారి చేతిలో ఫోన్ ఉండరాదు. ఎగ్జిబిషన్లలో, తిరునాళ్లలో పెట్టేవాటికీ ఇవే నియమాలు వర్తిస్తాయి.

పిల్లల గెంతును ఆపమని నేను అనడం లేదు. గెంతడం వల్ల ఎముక గట్టిపడుతుంది, ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది. తాడాట, తొక్కుడుబిళ్ల, ఇసుక కుప్ప మీద దూకుడు, ఈత నేర్పేవారి సమక్షంలో ఈత, ఇవన్నీ ఆ మేలును చేకూర్చేవే. వాటికి తగ్గింపు ధరల ప్రకటనలు రావు గనుక మనకు గుర్తుకు రావు. ఈ వేసవిలో మిగిలిన ఆ డబ్బుతో మనవడికి ఒక జత మంచి బూట్లు, మనవరాలికి ఒక స్కిప్పింగ్ తాడు కొనిపెట్టి, సాయంత్రం ఒక అరగంట వారితో పాటు ముంగిట కూర్చోండి. బిడ్డలు హాయిగా ఆడుకుంటారు. మీ మనస్సు నెమ్మదిగా ఉంటుంది.