డెబ్బై రెండో వంతు

ఎత్తిపోతల దగ్గర, చూడవచ్చినవారు నిలిచే గట్టు మీద నిలబడి, జలపాతాన్ని 72తో భాగించినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయివుంటాను. ఆ నీరు సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకుతుందంటారు. 72వ వంతు చేస్తే అడుగుకు కాస్త తక్కువ. గట్టు మీది ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం. దిగువ మడుగులో ఎనిమిదడుగుల మొసలి ఉంటే అది అంగుళం మీద మూడోవంతు. జలపాతం మొత్తం మా ఇంటి బల్ల మీద పట్టేస్తుంది. చంద్రవంక వాగు ఇక్కడ దూకి, కొద్ది దూరంలోనే కృష్ణలో కలుస్తుంది. యతుల తపస్సుకు స్థలమైంది గనుక ఎత్తిపోతల అయిందని ఒక వ్యుత్పత్తి చెబుతారు. ఎత్తి పోసినట్టుంది గనుక ఎత్తిపోతల అనుకుంటే తప్పేమిటో నాకెన్నడూ తెలియలేదు.

ఈ భాగహారం పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు భారత వాయుసేన వీడ్కోలు పలికింది. 1963లో అక్కడే, 28వ స్క్వాడ్రన్‌తో మొదలైన కథ అక్కడే ముగిసింది. ఆ వార్త చదివిన రాత్రి అటక మీదనుంచి ఒక అట్టపెట్టె దింపాను. ఎన్నో ఏళ్ళ క్రితం కొని, మూత కూడా తీయని మిగ్-21 కిట్ అది. కొలత 1/72. అసలు విమానపు రెక్కల నిడివి 7.15 మీటర్లు. పెట్టెలోని దాని నిడివి పది సెంటీమీటర్లకు రవ్వంత తక్కువ.

72 అనే అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. అడుగులు, అంగుళాల లెక్కలో ఆరడుగులకు అంగుళం అంటే 72వ వంతు. 1930ల ఆరంభంలో ఇంగ్లండులో స్కైబర్డ్స్ అనే పేరుతో కొయ్య విమానాల కిట్లు ఈ కొలతలో వచ్చాయి. 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరిట ప్లాస్టిక్ ముక్కలను అచ్చుపోసి అమ్మింది. అది నేటి ప్లాస్టిక్ కాదు, సెల్యులోజ్ ఎసిటేట్. కాలం గడిచేకొద్దీ వంకర తిరిగిపోయేది. ఆ తరం నమూనాలు చాలావరకు తమంతట తామే ముసలివైపోయాయన్నమాట. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఆటవస్తువుకు పెద్దపని పడింది. ఆకాశంలో నల్లని నీడగా కనిపించే విమానం మనదో శత్రువుదో క్షణంలో పోల్చుకోవాలి. అందుకు 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల చేత ఇదే కొలతలో వేలాది కొయ్య నమూనాలు చెక్కించింది. వాటికి నల్లరంగు ఒక్కటే పూశారు. గుర్తుపట్టవలసింది ఆకారాన్ని గనుక మరో రంగుతో పని లేదు. యుద్ధం ముగిశాక, 1953లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ స్పిట్‌ఫైర్ కిట్‌ను చవుకగా అమ్మడంతో ఈ సరదా ఇంటింటికీ చేరింది.

రంగు పూసి ఊరుకోక, పూసిన రంగును మళ్ళీ పాడుచేయడమనే విద్య ఆ తరువాతది. 1970లలో అమెరికాలో షెపర్డ్ పెయిన్, ఆ పిమ్మట బెల్జియంలో ఫ్రాన్స్వా వెర్లిండెన్ దీనికి ప్రాచుర్యం తెచ్చారు. ఇంగ్లీషులో దీన్ని వెదరింగ్ అంటారు. తెలుగులో ఏమనాలి? ‘శిథిలీకరణ’ అంటే కూలగొట్టినట్టుంది. ‘పాతబరచడం’ అంటే దొంగ విగ్రహాల వ్యాపారం గుర్తుకొస్తుంది. నేను ‘వయసుపూత’ అంటున్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు సూచిస్తే సంతోషంగా మార్చుకుంటాను.

మిగ్-21లో మనవాళ్ళకు కొంత పాలుంది. ఆ విమానాలను ఇక్కడే కట్టాలని నిర్ణయించినప్పుడు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ పనిని మూడుచోట్లకు పంచింది. దేహం నాసిక్‌లో, ఇంజను ఒడిశాలోని కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదు బాలానగర్‌లో. తెలుగునేల మీద తయారైన రేడియోలు, పరికరాలు ఆ ఇరుకు గదిలో కూర్చుని ఎగిరాయి. 72వ వంతులో ఆ గది నా చిటికెనవేలి గోరంత. దానికి పూసే నీలి ఆకుపచ్చ రంగు రష్యావారి అలవాటు. మూత బిగించాక ఎవరికీ కనబడదు. అయినా పూశాను.

ముక్కలు అతకడం గురించి ఎక్కువ చెప్పను. చట్రంనుండి కోయడం, గరుకు కాగితంతో నున్న చేయడం, జిగురు, అతుకుల్లో పుట్టీ, మళ్ళీ గరుకు కాగితం. ఓపిక ఉన్న ఎవరైనా చేయగలరు. అసలు చిక్కు రంగు దగ్గర మొదలైంది. మిగ్-21 భారతదేశంలో 62 ఏళ్ళు ఎగిరింది. అందులో ఏ ఏటి విమానం చేయాలి? ఈ కిట్ ఎఫ్ఎల్ రకానిది. ఆ రకం 2013లోనే సెలవు తీసుకుంది. మొదట్లో అది రంగులేని వెండి మెరుపు, వట్టి లోహం. 1971 యుద్ధంలో ఆ మెరుపు పైనుంచి శత్రువు కంటబడుతుందని, కొన్ని స్థావరాల్లో హడావుడిగా ఆకుపచ్చ, గోధుమ రంగులు పూశారు. ఒక దళపు పూతకు మరొక దళపు పూతకు పోలిక లేదు. ఆనాటి నలుపు తెలుపు ఫొటోల్లో ఆ తొందర కనిపిస్తుంది.

నేను 1971 డిసెంబరును ఎంచుకున్నాను. ఆ నెల 14న గువాహటినుండి లేచిన 28వ స్క్వాడ్రన్ మిగ్‌లు ఢాకాలోని గవర్నరు భవనం మీద రాకెట్లు ప్రయోగించాయి. నాయకుడు వింగ్ కమాండర్ బిష్ణోయ్. లక్ష్యాన్ని పోల్చుకోవడానికి ఆయన చేతికి దొరికింది యాత్రికుల కోసం అచ్చువేసిన ఢాకా పటం. ఆనాడే గవర్నరు రాజీనామా చేశాడు. రెండు రోజులకు యుద్ధం ముగిసింది. నగరాన్ని కాగితమంత చేసిన పటం పట్టుకుని ఆ నగరం మీదికి వెళ్ళడం తలచుకుంటే, ఈ కొలతల వ్యవహారం ఆటబొమ్మలతో ఆగేది కాదనిపిస్తుంది. పటం గీసినవాడు వీధిని సరైన చోట గీశాడు గనుక సరిపోయింది. లేకపోతే?

ఇక వయసుపూత. ముందుగా మెరుపు వార్నిష్. ఆపైన నల్లని నూనెరంగును టర్పెంటైనులో బాగా పలచన చేసి, పలకల అతుకు గీతల్లోకి పారించి, పైన మిగిలింది గుడ్డతో తుడవాలి. రంగు పెచ్చులూడినట్టు కనబడాలంటే స్పాంజి ముక్కతో వెండిరంగును అక్కడక్కడ అద్దాలి. పొగమరకలకు చాక్‌పొడి. చివర మెరుపులేని వార్నిష్. విధానం ఇంతే. చిత్రాల్లో చూసిన విదేశీ పనితనం కళ్ళలో మెదులుతుండగా, నేను ప్రతి గీతా నల్లగా నింపి, రెక్కల అంచులకు ఇటుకరంగు తుప్పు కూడా పట్టించాను. చాలా అందంగా కుదిరిందనుకున్నాను.

దసరా సెలవుల్లో మాచర్ల వచ్చిన మా అక్క కొడుకు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“మామయ్యా, ఇది దేనితో చేస్తారు?”

“అల్యూమినియంరా, చాలా భాగం.”

“మరి తుప్పెందుకు పట్టించావు?”

జవాబు లేదు. తుప్పు ఇనుముకు. అల్యూమినియం మసకబారుతుంది, తెల్లగా బూజు పట్టినట్టవుతుంది, ఎర్రబడదు. పైగా ఆ విమానానికి ఆ రంగు పూసి కొన్ని వారాలు కూడా కాలేదు. రంగు కొత్తది, లోహం పాతది. ఉండవలసింది కుంచె గీతలు, మనుషుల చేతులు పడేచోట గీతలూ మరకలూ, ఇంజను వెనుక కాలి గోధుమ నీలాలుగా మారిన లోహం, పొట్ట కింద కారిన నూనె. నేను పూసింది నలభై ఏళ్ళు వానలో నానిన లారీ వయసు. దానికి 1971 అని పేరు పెట్టడం అబద్ధపు శాసనం చెక్కడం వంటిది. ఆ సాయంత్రమే తుప్పంతా గీకేశాను.

మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకుని ఎత్తిపోతల చూపించి, అక్కడినుండి విజయపురి సౌత్ వెళ్ళి, లాంచీలో నాగార్జునకొండకు చేరాము. ప్రదర్శనశాలలో ఒక గదినిండా నమూనాలే. తవ్వకాల్లో బయటపడిన కట్టడాలకు చిన్న రూపాలు చేసి, వాటితోపాటు కొండల మధ్య లోయ మొత్తాన్ని కూడా నమూనాగా నిలిపారు. మా మేనల్లుడు విమానాన్ని చూసినట్టే దాన్నీ వంగి చూశాడు. “ఇందులో మనం ఎక్కడున్నాం?” అన్నాడు. కొండ కొస చూపించాను. మిగిలిందంతా మేము లాంచీలో దాటి వచ్చిన నీటి అడుగున ఉంది.

ఆ లోయ కథ పలనాటివారికి కొత్త కాదు. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడొక పురాతన స్తంభం చూసి ప్రభుత్వానికి తెలిపితే లోకానికి దాని ఉనికి తెలిసింది. లాంగ్‌హర్స్ట్ 1927 నుండి 1931 వరకు తవ్వించాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. నీరు రాకముందే అంతా తవ్వి చూడాలని 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పని సాగింది. కొన్ని కట్టడాలను విప్పి కొండమీదా అనుపు దగ్గరా మళ్ళీ నిలబెట్టారు. 1966లో ప్రదర్శనశాల తెరిచారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు.

ఆ నమూనా ముందు నిలబడితే ముందటి రాత్రి నా తప్పే మళ్ళీ ఎదురైంది. ఇది ఏ ఏటి లోయ? చక్రవర్తుల కాలపు విజయపురి కాదు, స్తూపాలకు అండాలు లేవు. పంతులుగారు నడిచిన 1926 నాటి పొలాలూ కావు, కట్టడాలన్నీ బయటపడి ఉన్నాయి. అది తవ్వకం ముగిసి నీరు ఇంకా రాని కొద్ది సంవత్సరాల లోయ. ఆ కాస్త కాలంలో తప్ప అది ఏనాడూ అలా లేదు, ఇక ఉండదు. నాకు ఆ నమూనా మీద గౌరవం కలిగింది. చేసినవారు దానికి లేని వయసు పూయలేదు, ఉన్నది తుడిచేయలేదు. తమ కంటికి కనబడిన నాటి స్థితిని నిలిపారు.

అదే ప్రదర్శనశాలలో ఇంకా పాత నమూనాలున్నాయి. పలనాటి సున్నపురాతి పలకల మీద శిల్పులు స్తూపాన్నే చిన్నదిగా చెక్కారు. అండం, వేదిక, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు, మూగిన భక్తులు. కొలత మాత్రం కుదరదు, మనుషులు స్తూపమంత ఉంటారు. కానీ 2022నుండి ఇదే పల్నాడు జిల్లాలో ఉన్న అమరావతి మహాచైత్యం పైభాగం ఎలా ఉండేదో ఊహించడానికి పండితులకు ప్రధానంగా అక్కరకొచ్చినవి అటువంటి పలకలే. అసలు కట్టడపు రాళ్ళను ఊరివాళ్ళు పీకి ఇళ్ళకు వాడుకున్నారు, కొన్నిటిని బట్టీల్లో కాల్చి సున్నం చేశారు. కాలిపోగా మిగిలిన పలకల్లో ఆ స్తూపం చిన్నగా ఉంది.

సున్నమంటే నా రెండో తప్పు. డికాల్స్ అంటే గుర్తులు, అంకెలు ముద్రించిన పలచని పొరలు. వాటిని నీటిలో నానబెట్టి అతికించాలి. నేను బోరునీరు వాడాను. ఎత్తిపోతలనుండి తిరిగొచ్చి చూస్తే రెక్కల నిండా తెల్లటి చుక్కలు, మూడు రంగుల వలయాల చుట్టూ తెల్లటి అంచులు. పక్కనే పిడుగురాళ్ళ సున్నపు బట్టీలుండగా, చుట్టూ సిమెంటు రాయి ఉండగా, మా నీళ్ళలో ఏముంటుందో తెలిసి కూడా మరచిపోయాను.

మేనల్లుడికి అవి నచ్చాయి. “ఉంచేయి మామయ్యా, మంచు పడినట్టుంది. ఇదైతే మనూరి వయసుపూత” అన్నాడు. ఒక పూట ఆలోచించాను. నిజమే, నేను పూసినవాటన్నిటిలో ఆ చుక్కలొక్కటే తమంతట తాముగా వచ్చినవి. కానీ అవి మాచర్ల బోరువి, ఏ వాయుసేన స్థావరానివీ కావు. నిమ్మరసం నాలుగు చుక్కలు నీళ్ళలో కలిపి, దూదితో మెల్లగా తుడిచాను. ఎడమ రెక్క మీది వలయం కొద్దిగా ముడత పడింది. దాన్ని మార్చడానికి వేరొకటి లేదు.

ముక్కు ముందు సూదిలా ఉండే గొట్టం లాంచీ ప్రయాణం నాటికే విరిగింది, ఇంజెక్షను సూదితో కొత్తది చేయాలి. తోక వెనుక కాలిన లోహపు రంగు ఇంకా కుదరలేదు, మూడోసారి పూస్తున్నాను. పెట్టె మూత లోపల పెన్సిలుతో ‘1971 డిసెంబరు’ అని రాసి ఉంచాను.