సొంత కార్ల ఫిట్‌నెస్ పరీక్ష: గడువులు, పద్ధతి, పరిమితులు

ఫిట్‌నెస్ పరీక్ష అంటే ఒక మోటారు వాహనం రోడ్డు మీద సురక్షితంగా నడిచే స్థితిలో ఉన్నదో లేదో రవాణా శాఖ అధికారి గాని, ప్రభుత్వ గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రం గాని చూసి ధ్రువీకరించే తనిఖీ. భారతదేశంలో కిరాయికి తిప్పని సొంత కారుకు ఈ పరీక్ష మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన 15 ఏళ్లకు వస్తుంది. ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు ఒకసారి చేయించాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని కార్లకూ ఇదే నియమం. మొదటి 15 ఏళ్లలో నిర్ణీత గడువుకు జరిగే తప్పనిసరి తనిఖీ పొగ పరీక్ష ఒక్కటే కావడం ఈ విధానానికి ముఖ్య లక్షణం, ముఖ్య లోపం కూడా.

చట్ట ఆధారం

ఈ వ్యవస్థకు మూలం 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన 1988 నాటి మోటారు వాహనాల చట్టం. వాహనాలను ఆ చట్టం రెండు వర్గాలుగా విడదీసింది: కిరాయికి మనుషులనో సరుకునో మోసే బస్సులు, లారీలు, ట్యాక్సీలు, ఆటోలు రవాణా వాహనాలు కాగా, యజమాని సొంత అవసరాలకు వాడుకునే కార్లు, మోటారు సైకిళ్లు రవాణేతర వాహనాలు. నంబరు ప్లేటును బట్టి ఈ తేడా తెలుస్తుంది. ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, సొంత కారుకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. రవాణా వాహనానికి 56వ సెక్షన్ కింద విడిగా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. 2018లో సవరించిన నిబంధన ప్రకారం కొత్త వాహనానికి అది 2 ఏళ్లు చెల్లుతుంది, ఆపై వాహనానికి 8 ఏళ్లు నిండేదాకా 2 ఏళ్లకోసారి, నిండాక ఏటా పరీక్ష జరగాలి. సొంత కారుకు మాత్రం 41వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం ఆర్సీ, అంటే రిజిస్ట్రేషన్ పత్రం, 15 ఏళ్లు చెల్లుతుంది. గడువు తీరాక వాహనాన్ని చూసి మరో 5 ఏళ్లకు పొడిగిస్తారు.

మర్రిగూడ పరిసరాల్లో గడువు లెక్క

మర్రిగూడ కార్ల రిజిస్ట్రేషన్ వ్యవహారాలు నల్లగొండ జిల్లా రవాణా కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జిల్లాకు ఏపీ 24, పొరుగునున్న మహబూబ్‌నగర్‌కు ఏపీ 22 కోడ్‌లుగా ఉండేవి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక నల్లగొండ కోడ్ టీఎస్ 05గా, 2024 మార్చి నుంచి కొత్త వాహనాలకు టీజీ 05గా మారింది. గడువు లెక్కకు ఈ మార్పు ఒక సులువైన గుర్తు: నల్లగొండలో మొదట రిజిస్టరై నేటికీ ఏపీ 24 నంబరుతో తిరుగుతున్న ఏ కారైనా 2029 జూన్ ముగిసేలోపు 15 ఏళ్లు నింపుకొని పరీక్షకు రావలసిందే. హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌గా కొన్న కారుకైనా గడువును మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్కిస్తారు గాని చేతులు మారిన తేదీ నుంచి కాదు. అందువల్ల పాత కారు కొనేవారు బండి కంటే ముందు ఆర్సీ మీది తేదీ చూసుకోవడం అవసరం.

పరీక్ష జరిగే తీరు

గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి యజమాని ఫారం 25 ద్వారా దరఖాస్తు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకుని, చెల్లుబాటులో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆర్సీలతో కారును తీసుకువెళ్లాలి. పాత వాహనాలపై రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ కూడా చెల్లించాలి. జనం వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ముందుగా ఛాసిస్ నంబరును, ఇంజన్ నంబరును ఆర్సీతో సరిపోల్చి, ఆ బండి ఇదేనని నిర్ధారించుకుంటారు. ఆ తర్వాత బ్రేకులు, స్టీరింగ్, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, అద్దాలు, స్పీడోమీటర్, సైలెన్సర్, టైర్ల స్థితి చూస్తారు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. ఈ హద్దు తెలియడానికే గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు పోసి ఉంటాయి, టైరు అరిగి పైభాగం వాటితో సమమైతే మార్చవలసిన సమయం వచ్చినట్టే.

ఈ తనిఖీ చాలావరకు ఇన్‌స్పెక్టర్ కంటిమీద, అనుభవం మీద ఆధారపడినది. దాని బదులు యంత్రాలతో కొలిచే ఆటోమేటెడ్ పరీక్షా కేంద్రాల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబర్‌లో నిబంధనలు ప్రకటించింది. అటువంటి కేంద్రంలో చక్రాలను రోలర్ల మీద తిప్పి ఒక్కో బ్రేకు ఎంత బలంగా పట్టుతున్నదో కొలుస్తారు. కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువైతే హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది, కంటితో పట్టుకోలేని ఈ లోపం అంకెల్లో బయటపడుతుంది.

రుసుము, జరిమానా

2022 ఏప్రిల్ 1 నుంచి కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది; 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దీన్ని 10,000 రూపాయలు చేశారు. ఆలస్యానికి నెలకు 500 రూపాయలు అదనం. బ్యాటరీతో నడిచే వాహనాలకు 2021 నుంచి పునరుద్ధరణ రుసుము లేదు. ఆర్సీ గడువు దాటిన కారు రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. దాన్ని నడిపితే మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది.

పొగ పరీక్ష

పొల్యూషన్ సర్టిఫికెట్ ఫిట్‌నెస్‌కు ప్రత్యామ్నాయం కాదు. కారు రిజిస్టరై ఏడాది నిండాక ఇది తప్పనిసరి. పాత ప్రమాణాల వాహనాలకు 6 నెలలు, బీఎస్-4, బీఎస్-6 ప్రమాణాల కార్లకు ఏడాది చెల్లుతుంది. ఈ పరీక్ష సైలెన్సర్ నుంచి వచ్చే పొగను కొలుస్తుందే తప్ప బ్రేకును గాని, టైరును గాని చూడదు. పొగ పరీక్షలో నెగ్గిన కారు భద్రమైనదని అనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

ఇతర దేశాలతో పోలిక

బ్రిటన్‌లో 1960లో మొదలైన తనిఖీ తొలుత 10 ఏళ్లు దాటిన కార్లకే ఉండగా, 1967లో ఆ హద్దును 3 ఏళ్లకు తగ్గించారు. అక్కడి నుంచి ఏటా పరీక్ష ఉంటుంది. జర్మనీ, జపాన్‌లలో కొత్త కారుకు 3 ఏళ్లకు, ఆపై 2 ఏళ్లకోసారి జరుగుతుంది. సింగపూర్‌లో 3 నుంచి 10 ఏళ్ల కార్లకు 2 ఏళ్లకోసారి, అంతకంటే పాతవాటికి ఏటా చేస్తారు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి ఉంది: తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సాస్ 2025 జనవరి 1 నుంచి సొంత కార్ల భద్రతా తనిఖీని ఎత్తివేసి, డల్లాస్, హ్యూస్టన్ వంటి నగర ప్రాంతాల్లో పొగ పరీక్షను మాత్రం కొనసాగిస్తున్నది.

యజమాని బాధ్యత

బ్రేకు ప్యాడ్లు, టైర్లు, స్టీరింగ్ కీళ్లు 15 ఏళ్లు ఆగి అరిగేవి కావు. చట్టం ఈ విషయాన్ని పూర్తిగా విస్మరించలేదు: తనకు తెలిసిన లోపంతోనో, సాధారణ జాగ్రత్తతో తెలుసుకోగల లోపంతోనో వాహనాన్ని నడపడం 190వ సెక్షన్ కింద నేరం; దానివల్ల ఎవరికైనా గాయమైతే 3 నెలల దాకా జైలు గాని, 5,000 రూపాయల దాకా జరిమానా గాని పడవచ్చు. ప్రజలకు ప్రమాదకరంగా ఉన్న వాహనం రిజిస్ట్రేషన్‌ను గడువుతో పనిలేకుండా నిలిపివేసే అధికారం 53వ సెక్షన్ ఇస్తుంది. అయితే ఇవి లోపం బయటపడ్డాక పనిచేసే ఏర్పాట్లు. లోపాన్ని ముందే పట్టుకోవడానికి ఏటా ఒకసారి, మర్రిగూడ నుంచి హైదరాబాద్‌కో నల్లగొండకో తరచూ ప్రయాణించే కుటుంబమైతే ఇంకా తొందరగా, నమ్మకమైన మెకానిక్ చేత బ్రేకులు, టైర్లు, లైట్లు, స్టీరింగ్ చూపించుకోవాలి. మొదటి గడువును 15 ఏళ్ల నుంచి తగ్గించి, బ్రిటన్, జర్మనీల వలె తొలి కొన్నేళ్లలోనే తనిఖీ మొదలుపెట్టేంతవరకు ఆ కారులో కూర్చునేవారి, దాని ఎదుట రోడ్డు దాటేవారి భద్రత యజమాని శ్రద్ధ మీదనే ఆధారపడి ఉంటుంది.